పాక నుంచి స్లైడు దాకా: విశాఖ పశువైద్య విద్యార్థికి నమూనాల పని

బి.వి.ఎస్సీ. అండ్ ఎ.హెచ్., అంటే పశువైద్య డిగ్రీ చదువు ఐదున్నరేళ్లు. అందులో నాలుగున్నరేళ్లు తరగతులు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాలల్లో విశాఖ వాళ్లకు దగ్గరిది విజయనగరం జిల్లా గరివిడిలో ఉంది. మైక్రోబయాలజీ (సూక్ష్మజీవులు), పారాసైటాలజీ (పరాన్నజీవులు), పాథాలజీ (జబ్బుతో ఒంట్లో వచ్చే మార్పులు) మూడింటికీ వేర్వేరు పేపర్లు, వేర్వేరు రికార్డులు. పాకలో మాత్రం మూడూ ఒకే గేదెలో ఉంటాయి. కాలేజీలో చూపించే స్లైడ్లు ఎవరో జాగ్రత్తగా తీసి, రంగు వేసి దాచినవి. వాటిని గుర్తుపట్టి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి కూడా సొంతంగా స్మియర్ (స్లైడు మీద పల్చగా పరిచిన రక్తపు పొర) తీయమంటే తడబడతాడు. రోగ నిర్ధారణలో చాలా పొరపాట్లు మైక్రోస్కోపు దగ్గరకు చేరకముందే జరిగిపోతాయి. తప్పు సీసా, ఎండ, ఆలస్యం, సగం ఖాళీగా ఉన్న ఫారం: కారణాలు ఇవే.

అందుకే సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వైపు ఏదైనా పశువైద్యశాలలో డాక్టరు గారి అనుమతి తీసుకుని ఒక వారం పనిచేస్తే మంచిది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసే హక్కు రిజిస్టరైన డాక్టరుకే. విద్యార్థి చేసేదంతా ఆయన కళ్లెదుటే చేయాలి. ఊళ్లో వాళ్లు "డాక్టరు బాబూ" అని పిలిచినా సరే.

ముందుగా ఒక పని పూర్తిచేసుకోండి. రేబిస్ ముందస్తు టీకా 0, 7 రోజుల్లో, ఆపై 21 లేదా 28వ రోజున వేయించుకోవాలి. సెలవులు మొదలయ్యాక మొదలుపెడితే కోర్సు పూర్తయ్యేసరికి సెలవులే అయిపోతాయి. ఈసుకుపోయిన దూడను, మాయను వట్టి చేతులతో ముట్టుకోవద్దు, పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా క్రిమి అలాగే సోకుతుంది. ఈ విషయంలో పాతకాపుల ధైర్యం చూసి నేర్చుకోకండి.

పశువును చూడటం

తాడు పట్టుకోకముందే, దూరం నుంచే శ్వాస లెక్కపెట్టాలి. పట్టుకున్నాక వచ్చే లెక్క బెదురు లెక్క. థర్మామీటరు బల్బు పురీషనాళం గోడకు ఆనాలి, పేడ ముద్దలోకి దిగితే తక్కువ చూపిస్తుంది. ఆవుకు 101.5 ఫారెన్‌హీట్ అటూ ఇటూ, గేదెకు కాస్త తక్కువ, గొర్రె మేకలకు 102 నుంచి 103. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబడిన గేదెకు జబ్బేమీ లేకుండానే 103 దాటొచ్చు. నల్ల తోలు, తక్కువ చెమట గ్రంథులు దానికి కారణం. నీడకు తెచ్చి, నీళ్లు పోసి, గంట తర్వాత మళ్లీ చూడండి, లేదా ఉదయమే వెళ్లండి.

రక్తపు స్మియర్: విశాఖ తేమతో తంటా

సంకర జాతి ఆవుకు జ్వరం, ఒంటినిండా పిడుదులు, రక్తహీనత ఉంటే పిడుదుల ద్వారా రక్తంలో చేరే థైలేరియా, బెబీసియా, అనాప్లాస్మా క్రిములు మూడింటినీ వెతకాలి. చెవి అంచును స్పిరిట్‌తో తుడిచి, అది పూర్తిగా ఆరాకే సూదితో గుచ్చండి. స్పిరిట్ తడి ఉంటే కణాలు పగిలిపోతాయి. సన్నని నాళాల నుంచి వచ్చే ఈ మొదటి చుక్కలో బెబీసియా సోకిన కణాలు మెడ సిర రక్తంలో కంటే ఎక్కువ దొరుకుతాయి. బియ్యపు గింజంత చుక్క చాలు. రెండో స్లైడును 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఆనించి, చుక్క అంచు పొడవునా పాకనిచ్చి, ఆగకుండా ఒక్క ఊపులో ముందుకు నెట్టాలి. చివర పల్చని అంచు రావాలి, చదివేది ఆ అంచుకు కాస్త వెనకే. రక్తహీనత ఉన్న పశువు రక్తం నీళ్లలా ఉంటుంది కాబట్టి స్లైడును కొంచెం నిటారుగా పట్టి, వేగంగా నెట్టండి. లేకపోతే అంచే ఏర్పడదు.

సముద్రపు గాలిలో స్మియర్ మెల్లగా ఆరుతుంది. మెల్లగా ఆరేకొద్దీ ఎర్రకణాలు ముడుచుకుంటాయి, లోపల మెరిసే గుంటలు కనిపిస్తాయి. గీసిన వెంటనే స్లైడును చేత్తో గాలిలో ఊపండి, ఫ్యాన్ ఉంటే దాని కింద పెట్టండి, నోటితో ఊదకండి. ఆరగానే మిథనాల్‌లో 3 నుంచి 5 నిమిషాలు ముంచి తీయాలి, దీన్నే ఫిక్స్ చేయడం అంటారు. మూత తీసి ఉంచిన మిథనాల్ సీసా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ నీళ్లు కలిసిన మిథనాల్ కూడా ఎర్రకణాల్లో అవే మెరుపు చుక్కలు పుట్టిస్తుంది. జూలై, ఆగస్టుల్లో "అనాప్లాస్మా" అని విద్యార్థులు రాసే స్లైడ్లలో ఈ తరహా చుక్కలు తక్కువేమీ ఉండవు. ఏ పూటకు కావలసిన మిథనాల్ ఆ పూటే చిన్న సీసాలోకి పోసుకుంటే ఈ బాధ చాలావరకు పోతుంది. ఫిక్స్ చేయని స్లైడును బల్ల మీద వదిలేస్తే ఈగలు నాకేస్తాయి, ఇది కూడా గుర్తుంచుకోండి.

ఇక రంగు వేయడం: ఒక పాలు గీంసా రంగు, తొమ్మిది పాళ్లు పి.హెచ్. 7.2 బఫర్ నీళ్లు (ఆమ్ల, క్షార స్థాయి మారకుండా ఉండే నీళ్లు), 30 నుంచి 45 నిమిషాలు. కలిపిన రంగు ఆ పూటకే పనికొస్తుంది, మర్నాటికి దాచొద్దు. కుళాయి నీళ్లు వాడితే స్లైడు మొత్తం ఎర్రగానో నీలంగానో తేలి, లోపల ఏముందో తేలదు.

చదివేటప్పుడు ఫైన్ ఫోకస్ చక్రం మీద వేలు తీయకండి. చక్రం తిప్పుతుంటే మెరిసేది తేమ గుంట. కణాల మీదా, బయటా ఒకేలా చెల్లాచెదురుగా ఉండి, కణంతో పాటు ఫోకస్‌కు రానిది రంగు మడ్డి. కణం అంచున గుండ్రంగా, ముదురుగా, మెరవకుండా, కణంతో పాటే ఫోకస్‌కు వస్తే అనాప్లాస్మాను అనుమానించాలి. రక్తహీనత నుంచి కోలుకుంటున్న పశువులో హోవెల్-జాలీ బాడీలు (ఎర్రకణంలో మిగిలిన కేంద్రక ముక్కలు) కూడా ఇంచుమించు ఇలాగే కనిపిస్తాయి, కాకపోతే కాస్త పెద్దవి, చుట్టుపక్కల నీలి చుక్కల లేత కణాలు ఉంటాయి. బెబీసియా అయితే కణం లోపల జంట బేరిపండు ఆకారాలు. థైలేరియాకు రక్తం ఒక్కటే చాలదు. భుజం ముందు లింఫ్ గ్రంథి ఉబ్బి ఉంటే డాక్టరు గారు సూదితో తీసిన ద్రవంలో కాక్ నీలి బాడీలు (లింఫ్ కణాల్లో నీలంగా కనిపించే థైలేరియా దశ) వెతకాలి. ట్రిపనోసోమా అనే పరాన్నజీవి వల్ల వచ్చే సర్రా జబ్బుకు ఇంకో దారి ఉంది. తాజా రక్తపు చుక్క మీద కవర్‌స్లిప్ వేసి 40 ఆబ్జెక్టివ్‌లో చూస్తే ఎర్రకణాలను తోసుకుంటూ ట్రిపనోసోమా ఈదుతుంది.

రక్తం గడ్డకట్టకుండా చేసే మందున్న ఇ.డి.టి.ఎ. గొట్టాన్ని గీత దాకా నింపాలి. సగమే నింపితే మందు ఎక్కువై కణాలు ముడుచుకుపోతాయి. సిరంజి నుంచి గొట్టంలోకి వదిలే ముందు సూది తీసేయండి, గోడ వెంట మెల్లగా జారవిడవండి, 8 నుంచి 10 సార్లు తలకిందులు చేయండి. కుదపడం వేరు, తిప్పడం వేరు.

పేడ

నేల మీద పడింది కాకుండా పురీషనాళం నుంచే తీయండి, నేల మీది పేడలో మట్టిలో బతికే పురుగులు కలుస్తాయి. 5 గ్రాములు చాలు. మన వేడికి స్ట్రాంగైల్ (గుండ్రటి పురుగుల) గుడ్లు ఒక్క రోజులోనే పొదిగి లార్వాలు బయటికొస్తాయి, ఆపై లెక్క తప్పుతుంది. అందుకే గాలి లేకుండా సంచి నిండుగా బిగించి, ఐస్ వేసిన థర్మాస్‌లో పెట్టండి.

లీటరు వేడినీళ్లలో 400 గ్రాముల ఉప్పు కలిపి, అడుగున కొంత కరగకుండా మిగిలితే గుడ్లను తేల్చే ద్రావణం సిద్ధం. 4 గ్రాముల పేడను 56 మిల్లీలీటర్ల ద్రావణంలో కలిపి, వడకట్టి, గుడ్లు లెక్కపెట్టే మెక్‌మాస్టర్ స్లైడు రెండు గదులూ నింపి, ఐదు నిమిషాలు ఆగి, రెండు గదుల్లోని గుడ్ల మొత్తాన్ని 50తో గుణిస్తే గ్రాముకు ఎన్నో వస్తుంది. వడకట్టాక ద్రావణాన్ని అలా వదిలేసి కబుర్లలో పడితే గుడ్లు పైకి తేలిపోతాయి. మళ్లీ కలిపాకే పిపెట్ ముంచండి.

కార్జపు జలగ గుడ్లు, యాంఫిస్టోమ్ (పెద్దపొట్టలో ఉండే జలగ) గుడ్లు బరువైనవి, ఉప్పునీళ్లలో తేలవు. వాటికి మామూలు నీళ్లలో కలిపి, అడుగుకు దిగనిచ్చి, పైనీళ్లు వంపేసే పద్ధతి వాడాలి. కార్జపు జలగ గుడ్డు పసుపు రంగులో, యాంఫిస్టోమ్‌ది రంగు లేకుండా ఉంటుంది. మిథిలీన్ బ్లూ ఒక చుక్క వేస్తే చెత్త నీలమై ఈ తేడా బాగా తెలుస్తుంది.

గుడ్లు లేవంటే జబ్బు లేదని రాసేయడం పెద్ద పొరపాటు. వానాకాలం తర్వాత చెరువు గట్ల మేతకు వెళ్లిన గొర్రెలకు, దూడలకు కంపు కొట్టే పారుడు పట్టుకుంటే, పేగుల్లో ఉన్నవి పిల్ల యాంఫిస్టోమ్‌లు కావచ్చు. అవి గుడ్లు పెట్టే వయసుకు రాకముందే పశువును చంపగలవు. పారుడును జల్లెడలో కడిగి చూస్తే గులాబీ రంగు చిన్న పురుగులు కంటికే దొరుకుతాయి. హీమాంకస్ అనే పొట్ట పురుగు కూడా గుడ్లు పెట్టకముందే రక్తం తాగుతుంది. కనురెప్ప లోపలి పొర తెల్లగా పాలిపోతే, గుడ్ల లెక్క ఎంత వచ్చినా ఆ పొరనే నమ్మండి.

చనిపోయిన పశువు: కత్తి తీసేముందు

ముందు ముక్కు, నోరు, మలద్వారం చూడండి. హఠాత్తుగా చనిపోయి, నల్లని గడ్డకట్టని రక్తం కారుతూ, త్వరగా ఉబ్బి, బిగుసుకోవాల్సిన కాళ్లు సరిగా బిగుసుకోకుండా ఉంటే దొమ్మ రోగాన్ని, అంటే ఆంత్రాక్స్‌ను అనుమానించి కోత ఆపేయాలి. గొర్రెల్లో రక్తం కారకపోవచ్చు, కారణం తెలియని హఠాత్ మరణం ఒక్కటే చాలు అనుమానానికి. కళేబరం మూసి ఉన్నంతసేపు క్రిమి స్పోరుగా (ఏళ్ల తరబడి బతికే గట్టి పెంకు రూపంలోకి) మారడానికి గాలి అందదు, లోపలి కుళ్లు క్రిములే దాన్ని చంపేస్తాయి. కోసి గాలి తగిలిస్తే స్పోర్లు పుట్టి ఆ నేలలో దశాబ్దాలు ఉంటాయి. అరకు, పాడేరు వైపు ఏజెన్సీ గ్రామాల్లో చనిపోయిన పశువు మాంసం పంచుకున్నాక మనుషులకు చర్మపు ఆంత్రాక్స్ సోకిన వార్తలు చాలామందికి తెలిసినవే. 2022 నుంచి ఆ ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది.

ఇక్కడ నమూనా అంటే చెవి సిర నుంచి సూదితో తీసిన ఒక చుక్క, రెండు స్మియర్లు, అంతే. గుచ్చిన చోట క్రిమిసంహారిణిలో ముంచిన దూది గట్టిగా నొక్కి పెట్టాలి. పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ రంగులో నీలి కడ్డీలు, కోసినట్టున్న చదరపు కొనలు, చుట్టూ గులాబీ తొడుగు కనిపిస్తే అదే. రెండు సందర్భాల్లో ఈ స్మియర్ మోసం చేస్తుంది. చావుకు ముందు పెన్సిలిన్ పడితే క్రిములు కనిపించవు. ఒక రోజు దాటితే కుళ్లు క్రిములు కమ్మేసి తొడుగు మాయమవుతుంది. కళేబరాన్ని ఈడ్చకుండా, చనిపోయిన చోటికి దగ్గర్లోనే, నీటి వనరులకు దూరంగా, ఆరడుగుల గుంటలో సున్నం వేసి పూడ్చాలి. రక్తం తడిసిన మట్టి, గడ్డి కూడా ఆ గుంటలోకే. పశువైద్యాధికారితో పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కబురు చెప్పడం మర్చిపోవద్దు, మాంసం ఎవరెవరి ఇంటికి వెళ్లిందో ఆ వివరం ఆరోగ్య కేంద్రం వాళ్లకు కావాలి.

కోళ్లు గుంపుగా చనిపోతే కూడా కోయకండి. బర్డ్ ఫ్లూ అనుమాన నమూనాలు పశుసంవర్ధక శాఖ ద్వారానే భోపాల్ ప్రయోగశాలకు వెళ్తాయి. పిచ్చికుక్క కరిచిన పశువు చనిపోతే పుర్రె తెరిచేది టీకా వేయించుకున్న అనుభవజ్ఞులే. ఆ మెదడును ఐస్‌లో పంపాలి. మొత్తాన్ని ఫార్మలిన్‌లో వేస్తే, వేగంగా ఫలితమిచ్చే ఫ్లోరోసెంట్ యాంటీబాడీ పరీక్షకు పనికిరాకుండా పోతుంది.

ఈ అనుమానాలేవీ లేకపోతే కోత మొదలుపెట్టొచ్చు. ఆవును, గేదెను ఎడమ పక్కకు పడుకోబెడితే పెద్దపొట్ట కిందికి పోయి పని సులువవుతుంది. విశాఖ వేడిలో పెద్దపొట్ట కొలిమిలా ఉంటుంది, కొన్ని గంటల్లోనే కాలేయం, మూత్రపిండాలు మెత్తబడతాయి. ఆలస్యమైతే "పల్పీ కిడ్నీ" (మెత్తబడిన మూత్రపిండం) అని రాయకండి, అది చిటుక రోగమో (పేగుల్లో క్రిమి విషం వల్ల వచ్చే జబ్బు), వట్టి కుళ్లో చెప్పలేరు. చిటుక రోగానికి చిన్నపేగు లోపలి పదార్థం తీసి, పది మిల్లీలీటర్లకు ఒక చుక్క క్లోరోఫాం వేసి పంపాలి. క్రిముల పెంపకానికి తీసే ముక్కలు పేగులు ముట్టుకోకముందే తీయాలి. తర్వాత తీస్తే ప్రతి రిపోర్టులోనూ ఈ.కోలై వస్తుంది.

పాథాలజీ ముక్కలు 5 మిల్లీమీటర్ల మందం దాటకూడదు, జబ్బు భాగం, మంచి భాగం కలిసే చోటి నుంచి తీయాలి. ఒక పాలు మార్కెట్ ఫార్మలిన్, తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి, బఫర్ చేసి, ముక్కకు పది రెట్లు పోయాలి. ఊపిరితిత్తి ముక్క తేలుతుంది, పైన దూది పెట్టి ముంచండి. సన్నమూతి సీసాలో మెత్తగా దూరిన ముక్క గట్టిపడ్డాక బయటికి రాదు, సీసా పగలగొట్టాల్సిందే.

పంపడం

ఫార్మలిన్ సీసాను, స్మియర్లను ఒకే పెట్టెలో పెట్టొద్దు. ఆవిరి తగిలిన స్మియర్ రంగు సరిగా పట్టదు. పాడేరు నుంచి ఘాట్ రోడ్డు మీదుగా విశాఖ చేరేసరికి సగం పూట పోతుంది, థర్మాకోల్ పెట్టెలో ఐస్ ప్యాకులకు పాత పేపరు చుట్టి మధ్యలో గొట్టాలు పెట్టండి. ఐస్ నేరుగా తగిలితే రక్తం మంచులా గట్టిపడి కణాలు పగిలిపోతాయి. స్లైడు మీద పేరు పెన్సిల్‌తోనే రాయాలి, మార్కర్ అక్షరాలను మిథనాల్ చెరిపేస్తుంది.

ఫారంలో మందలో ఎన్ని, ఎన్ని జబ్బుపడ్డాయి, ఎన్ని చనిపోయాయి, ఏ టీకా ఎప్పుడు వేశారు, ఏ మందు ఎప్పుడు ఇచ్చారు, చనిపోయిన సమయం, నమూనా తీసిన సమయం, మీ అనుమానం రాయండి. "పరీక్షించి తెలుపగలరు" అని ఒక్క ముక్క రాసి పంపితే ల్యాబ్‌లో ఏ పరీక్షతో మొదలుపెట్టాలో వాళ్లకు తెలియదు. ప్రతి కేసుకూ ఫిక్స్ చేసిన ఒక నకలు స్లైడు డాక్టరు గారి అనుమతితో మీ దగ్గర ఉంచుకోండి, దొమ్మ అనుమానపు స్లైడ్లు తప్ప. రిపోర్టు రాకముందే దాన్ని చదివి మీ జవాబు తేదీతో రికార్డులో రాసుకోండి. రిపోర్టు వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి, తేడా వస్తే మొదట రంగును, ఆ తర్వాత స్మియర్ అంచును, ఆఖర్న మీరు స్లైడు చదివిన తీరును అనుమానించండి.