పాత పికప్ ట్రక్కు ఐడిల్‌లో వణుకుతోందా? ఆక్సిజన్ సెన్సర్ మార్చడం ఎలా?

సిగ్నల్ దగ్గర ఆగి, ఇంజిన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) తిరుగుతుంటే చాలు, స్టీరింగ్ వణుకుతుంది. ఆర్‌పీఎం ముల్లు ఒకచోట నిలవదు. ఏసీ వేస్తే ఇంజిన్ ఆగిపోతుందేమో అని టెన్షన్. అమెరికాలో ఉంటూ సెకండ్ హ్యాండ్‌లో పాత ఫోర్డ్ ఎఫ్-150 లాంటి పికప్ కొనుక్కున్న మనవాళ్లకు ఇది తెలిసిన గొడవే. చెక్ ఇంజిన్ లైటు వెలగగానే ఎవరో ఒకరు "ఆక్సిజన్ సెన్సర్లు మార్చెయ్" అంటారు. నాలుగూ మార్చేస్తారు. డబ్బు పోతుంది గానీ వణుకు పోదు. అందుకే ఈ పనిలో సగం పానా పట్టకముందే జరగాలి.

ఇక్కడ ఉదాహరణకు 1997 నుంచి 2003 దాకా వచ్చిన ఎఫ్-150ని, అందులోనూ 4.6 లేదా 5.4 లీటర్ల వీ8 ఇంజిన్ ఉన్నదాన్ని తీసుకుందాం. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మిన తేలికపాటి పెట్రోలు పికప్‌లన్నిటికీ ఓబీడీ-2 (బండి కంప్యూటర్ లోపాలను కోడ్లుగా చెప్పే పద్ధతి) తప్పనిసరి కాబట్టి, ఆ కాలపు మిగతా బండ్లకూ పద్ధతి దాదాపు ఇదే. మన ఊళ్లలో తిరిగే పాత డీజిల్ లారీలకు ఇది వర్తించదు, వాటికి ఈ సెన్సరే ఉండదు.

ఏ సెన్సర్ ఐడిల్‌ను చెడగొడుతుంది?

ఈ బండికి సాధారణంగా నాలుగు సెన్సర్లుంటాయి. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్లకు ముందు రెండు, తర్వాత రెండు. వెనకవాటి ముఖ్యమైన పని కన్వర్టర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటం. ఐడిల్‌తో వాటికి పెద్దగా సంబంధం లేదు. పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటర్‌కు చెప్పేవి ముందున్న రెండే. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి ఇవి వోల్టేజీ పంపుతాయి: పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టుల దాకా, గాలి ఎక్కువైతే 0.1 దగ్గరికి. బరువులో 14.7 వంతుల గాలికి ఒక వంతు పెట్రోలు, కంప్యూటర్ ఎప్పుడూ చేరాలని చూసేది ఆ లెక్కనే.

చల్లగా ఉన్నప్పుడు ఈ సెన్సర్లు పనిచేయవు. అవి వేడెక్కేదాకా కంప్యూటర్ తన సొంత లెక్కతో పెట్రోలు పోస్తుంది. కాబట్టి పొద్దున స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో మాత్రమే వణికి, తర్వాత సర్దుకుంటే సెన్సర్‌ను అనుమానించకండి. వేడెక్కాక వణుకు మొదలైతేనే అనుమానించాలి.

ముందు సెన్సర్ తప్పో కాదో తేల్చుకోండి

డ్యాష్‌బోర్డు కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర ఓబీడీ పోర్టు ఉంటుంది. ఫోన్‌తో పనిచేసే చవక బ్లూటూత్ అడాప్టర్ చాలు. కోడ్లు చూసి రాసిపెట్టుకోండి, అప్పుడే చెరిపేయొద్దు.

పీ0133 వస్తే మొదటి బ్యాంకు (వీ8లో సిలిండర్ల రెండు వరసల్లో ఒకటి) ముందు సెన్సర్ మందకొడిగా స్పందిస్తోందని అర్థం. పీ0135, పీ0155 అంటే ముందు సెన్సర్లలోని హీటర్ సర్క్యూట్లలో లోపం. ఇలాంటివి వస్తే సెన్సర్ మీద అనుమానానికి ఆధారం ఉన్నట్టే. అయితే నాలుగింటికీ ఒకేసారి హీటర్ కోడ్లు వస్తే ముందు ఫ్యూజు చూడండి. నాలుగు హీటర్లూ ఒకే రోజు పోవు కదా!

చాలామందిని తికమక పెట్టేవి పీ0171, పీ0174. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని సెన్సర్ చెబుతోందని వాటి అర్థం. అది నిజమే చెబుతూ ఉండొచ్చు. ఈ ఇంజిన్లలో ఇన్‌టేక్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) వెనక, చెయ్యి దూరని చోట, ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ గొట్టానికి ఒక రబ్బరు మలుపు ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి, ఆయిల్‌కి అది మెత్తబడి, లోపలికి ముడుచుకుపోయి చీలుతుంది. వేలితో నొక్కితే బంకలా తగులుతుంది. గాలి లోపలికి దూరేది అక్కడి నుంచే. కొన్ని డాలర్ల ఆ రబ్బరు ముక్క మార్చి వణుకు వదిలించుకోగలిగే చోట, వందల డాలర్లు పెట్టి సెన్సర్లు కొనడం ఎందుకు?

దీన్ని పట్టుకోవడానికి స్కానర్‌లో (ఆ అడాప్టర్, ఫోన్‌లో) ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో, చూడండి. ఐడిల్‌లో ప్లస్ 20 శాతం ఉండి, 2500 ఆర్‌పీఎంకు పెంచగానే సున్నా వైపు దిగితే అది వాక్యూమ్ లీకు, అంటే ఇన్‌టేక్‌లోకి దొంగగాలి దూరుతోంది. ఐడిల్‌లో బాగానే ఉండి, లోడు పెరిగేకొద్దీ ప్లస్‌లోకి పోతుంటే లోపలికి వచ్చే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ మురికి పట్టిందేమో, ఇంధన ప్రెషర్ తగ్గిందేమో చూడాలి.

ఎగ్జాస్ట్ లీకును కూడా మరవకండి. ఈ ఇంజిన్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగను పైపులోకి చేర్చే భాగం) బోల్టులు తుప్పు పట్టి విరగడం మామూలే. చల్లటి ఇంజిన్ మీద టిక్ టిక్‌మని వినిపిస్తే అదే. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి వచ్చి సెన్సర్‌ను మోసం చేస్తుంది. పాపం సెన్సర్ తప్పేమీ లేదు.

ఇక సెన్సర్‌కే పరీక్ష పెడదాం. ఇంజిన్ బాగా వేడెక్కాక 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి, ముందు సెన్సర్ వోల్టేజీ గ్రాఫ్ చూడండి. 0.1కి, 0.9కి మధ్య చకచకా ఎక్కి దిగుతుండాలి. 0.45 దగ్గర బిగుసుకుపోయినా, బద్ధకంగా కదిలినా అనుమానమే. ఒక చిన్న వాక్యూమ్ గొట్టం క్షణం ఊడదీస్తే వోల్టేజీ పడిపోవాలి. యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కితే పైకి లేవాలి. రెండిటికీ వెంటనే స్పందిస్తే ఆ సెన్సర్ మంచిదే, దాన్ని వదిలేయండి. స్పందించకపోతే కింద చెప్పిన పనికి సిద్ధపడండి.

కొనేటప్పుడు

ఏ వైపుదో తేల్చుకోండి. ఫోర్డ్ వీ8లో బ్యాంకు 1 అంటే ప్యాసింజర్ వైపు, షెవర్లే వీ8లో డ్రైవర్ వైపు. ఇక్కడ పొరబడితే మంచిది తీసేసి చెడ్డది ఉంచుతారు. మోటార్‌క్రాఫ్ట్, డెన్సో, ఎన్‌టీకే, బాష్‌లలో మీ మోడల్‌కు సరిపోయే కనెక్టర్‌తో వచ్చేదే తీసుకోండి. వైర్లు కోసి అతికించే రకం చవకే, కానీ పాత బండిలో ఆ అతుకు ఏడాది తిరక్కుండానే తలనొప్పి తెస్తుంది. లక్ష మైళ్లు దాటిన బండి అయితే ముందు రెండూ జతగా మార్చడం నయం.

వైరు కోసం పక్కన గాడి ఉన్న 22 మిల్లీమీటర్ల సెన్సర్ సాకెట్ కావాలి. ఆటోజోన్ లాంటి షాపుల్లో డిపాజిట్ కట్టి అరువు తెచ్చుకోవచ్చు.

తీయడం

ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ మరల దగ్గర కొట్టి ఉంచండి. ఒహాయో, మిషిగన్ లాంటి ఉప్పు చల్లే రాష్ట్రాల బండి అయితే రెండు మూడు సార్లు కొట్టండి.

చదునైన చోట ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డుపెట్టి, ముందు భాగం ఎత్తి జాక్ స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. ఉత్త జాకీని నమ్మి బండి కిందికి దూరకండి. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి, తుప్పు సరిగ్గా కళ్లలోనే పడుతుంది.

ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు నడిపి ఆపాక, పైపు చెయ్యి కాలనంత గోరువెచ్చగా ఉన్నప్పుడు సెన్సర్ తేలిగ్గా వస్తుంది. బ్యాటరీ నెగెటివ్ తీసేసి, ముందు కనెక్టర్ ఊడదీయండి. అది ట్రాన్స్‌మిషన్ పక్కగా పైన ఉంటుంది, చూపుకు అందదు, వేళ్లతో తడిమి లాచ్ నొక్కాలి. ఊడకముందే వైరు ఏ దారిన వెళ్లిందో ఫోటో తీసుకోండి.

సాకెట్‌కు పొడవైన బార్ తగిలించి, ఎడమకు నిలకడగా బలం పెట్టండి. కదలకపోతే కుదుపులు ఇవ్వకండి. కాస్త బిగించి, మళ్లీ వదులు చేసి, మరికొంచెం ఆయిల్ కొట్టండి. మధ్యలో కిర్రుమంటే ఆగి వెనక్కి తిప్పండి. బలవంతంగా లాగితే పైపులోని మరలు కూడా ఊడి వస్తాయి. మరలు చెడితే ఎం18×1.5 థ్రెడ్ చేజర్‌తో శుభ్రం చేయాలి.

తీశాక పాత సెన్సర్ మూతిని వెలుతురులో పెట్టి చూడండి. లేత గోధుమరంగు పొడి ఉంటే మామూలే. నల్లటి మసి ఉంటే ఆ వైపు పెట్రోలు ఎక్కువగా కాలుతోంది. తెల్లని పొర కనిపిస్తే కూలెంట్ లోపలికి వస్తోందా, ఎవరైనా ఎక్కడైనా సిలికాన్ గ్యాస్కెట్ జిగురు రాశారా అని చూడాలి. ఆ కారణం పోకపోతే కొత్త సెన్సర్ కూడా కొన్నాళ్లకు అదే దారి పడుతుంది.

బిగించడం

కొత్తదాని మరలకు, అవి బిగుసుకుపోకుండా ఉంచే యాంటీ సీజ్ పూత సాధారణంగా కంపెనీలోనే రాసి వస్తుంది. లేకపోతే మరలకు మాత్రం కొద్దిగా రాయండి, మూతికి అస్సలు తగలకూడదు. కింద పడేసిన సెన్సర్‌ను పెట్టొద్దు, లోపలి పింగాణీ చిట్లి ఉండొచ్చు. ముందు చేత్తో పూర్తిగా తిప్పండి, తర్వాత 30 ఫుట్-పౌండ్ల దగ్గర బిగించండి. వైరు వేడి పైపుకు తగలకుండా పాత క్లిప్పుల్లోనే తిరిగి పెట్టండి.

తర్వాత

కోడ్లు చెరిపి, స్టార్ట్ చేసి వేడెక్కనివ్వండి. మొదటి రోజు ఐడిల్ కాస్త అటూ ఇటూ అయినా కంగారుపడకండి, కంప్యూటర్ పాత లెక్కలు మరిచి కొత్తవి నేర్చుకుంటోంది. సిటీలో, హైవేలో కలిపి కొన్ని రోజులు నడిపాక ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ మైనస్ 10 శాతం లోపు నిలబడాలి.

వణుకు ఇంకా ఉంటే ఐడిల్‌లో గాలిని సర్దే ఐడిల్ ఎయిర్ కంట్రోల్ వాల్వు తీసి థ్రాటిల్ క్లీనర్‌తో కడగండి. పీ0300 వరస కోడ్లు (సిలిండర్లలో మంట సరిగ్గా అంటుకోవట్లేదని చెప్పేవి) ఉంటే కాయిల్సు, ప్లగ్గుల వైపు వెళ్లండి. ఈ ఇంజిన్లలో ప్లగ్ మరలు తక్కువ లోతువి, కాబట్టి ప్లగ్గులు చల్లటి ఇంజిన్ మీదే తీయాలి.

ఎమిషన్ టెస్టు ఉన్న రాష్ట్రంలో ఉంటే కోడ్లు చెరిపిన మర్నాడే టెస్టుకు పోకండి. బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే లోపలి పరీక్షలు పూర్తి కాలేదని వెనక్కి పంపుతారు. 2000 మోడల్ దాకా వచ్చిన బండ్లకు రెండు, తర్వాతివాటికి ఒకటి మించి అసంపూర్తిగా ఉండకూడదన్నది చాలాచోట్ల నియమం. స్కానర్‌లో అవి "రెడీ" అని చూపించాకే అపాయింట్‌మెంట్ తీసుకోండి.