వానల్లో మాక్రో లెన్స్‌తో బయల్దేరే ముందు

తొలకరి పడగానే కంబాలకొండ వైపు ఆకుల మీద సాలీళ్లు, తూనీగలు కనిపిస్తాయి. వైజాగ్‌లో మాక్రో లెన్స్ (చిన్న పురుగుల్ని బాగా దగ్గర్నుంచి తీసే లెన్స్) బయటికి తీసేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• బీచ్‌లో లెన్స్ మార్చొద్దు. ఆర్కే బీచ్ అయినా రుషికొండ అయినా గాలిలో ఉప్పు, ఇసుక ఉంటాయి. సెన్సర్ మీద పడితే జేబుకు చిల్లే. ఇంట్లోనే తగిలించుకుని వెళ్లండి.

• ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా బయటికి తీయకండి. మన ఉక్కపోతకి లెన్స్ అద్దం క్షణాల్లో మసకబారుతుంది, తుడిచినా మళ్లీ పడుతుంది. బయటికి తెచ్చాక జిప్ వేసిన బ్యాగులోనే అరగంట ఉంచండి. తిరిగొచ్చాక తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న గాలిచొరని డబ్బాలో పెట్టండి, లేదంటే ఫంగస్ ఖాయం.

• అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 8 నుంచి 11 మధ్య పెట్టుకోండి; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. 1:1 సైజులో (పురుగు సెన్సర్ మీద అసలు సైజులోనే పడేలా) ఎఫ్ 2.8తో తీస్తే ఫోకస్ లోతు మిల్లీమీటరు కూడా ఉండదు. తూనీగ కళ్లు పదునుగా వస్తాయి, రెక్కలు పొగలా మిగులుతాయి. అలాగని ఎఫ్ 16 దాటిస్తే బొమ్మంతా మెత్తబడుతుంది. అంత దగ్గర్లో వెలుతురు సుమారు రెండు స్టాపులు, అంటే నాలుగో వంతుకు, పడిపోతుంది కాబట్టి చిన్న ఫ్లాష్, దాని వెలుగును మెత్తబరిచే డిఫ్యూజర్ మర్చిపోవద్దు.

• లెన్స్ ముందు తగిలించే గొట్టం లాంటి హుడ్ తీసేయండి. నీడ పడుతుంది, పురుగూ ఎగిరిపోతుంది.

• పోర్ట్రెయిట్‌కైతే ఫోకస్ లిమిటర్‌ను (లెన్స్ ఫోకస్ వెతికే దూరాన్ని కట్టడి చేసే మీట) దూరం వైపు తిప్పండి, లేకపోతే లెన్స్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూనే ఉంటుంది. 100 ఎంఎం ముఖానికి చక్కగా ఉంటుంది గానీ, మేకప్ పగుళ్లనూ చెమట చుక్కల్నీ దాచదు. టిష్యూలు దగ్గరుంచుకోండి.

• పొదల్లో మోకాళ్లేసే ముందు కర్రతో తట్టండి. ఇది పాముల కాలం.