శ్రీకారం దగ్గరే ఆగిన పని: సమస్య - పరిష్కారం

నాయనమ్మ చెప్పిన ఊరి సంగతులు పుస్తకంగా రాద్దామని రెండు వందల పేజీల నోటుపుస్తకం కొన్నాను. మొదటి పేజీ పైన ‘శ్రీ’ అని రాశాను. రెండేళ్లపాటు అందులో ఆ ఒక్క అక్షరమే ఉంది. మీ పనీ అలాగే శ్రీకారం దగ్గర ఆగిపోయి ఉంటే, కింది వాటిలో మీది ఏదో చూసుకోండి.

సమస్య: పనికి కూర్చోగానే అల్మరా సర్దాలనిపిస్తుంది.

కారణం: ఇది బద్ధకం కాదు. బద్ధకస్తుడు అల్మరా మాత్రం ఎందుకు సర్దుతాడు? అసలు పని తలుచుకోగానే లోపల కలిగే గుబులు నుంచి తప్పించుకుంటున్నాం, అంతే. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫుషియా సిరోయిస్, టిమోతీ పిచిల్ 2013 నాటి వ్యాసంలో వాయిదా వేయడాన్ని ఇలాగే, అప్పటికప్పుడు మనసును కుదుటపరుచుకునే ప్రయత్నంగా వివరించారు. అందుకే ఎన్ని టైంటేబుళ్లు వేసుకున్నా రోగం కుదరదు.

పరిష్కారం: గుబులు దేనికో ఒక్క వాక్యంలో రాయండి. నాది ఇది: ‘బాబాయి చదివి, అలా జరగలేదు అంటారు.’ రాశాక మందు కూడా కనిపించింది. బాబాయికి ఫోన్ చేశాను. నిజంగానే అలా జరగలేదట! నాకు తెలియని సంగతులు ఇంకో రెండు చెప్పారు.

సమస్య: భయమేమీ లేదు, అయినా పెన్ను కదలదు.

కారణం: ‘పుస్తకం రాయాలి’ అనుకుంటున్నారు. అది ఒక పూటలో చేతితో చేసే పని కాదు.

పరిష్కారం: ‘వరద వచ్చిన రాత్రి నాయనమ్మ బియ్యం డబ్బాను అటక మీదికి ఎలా ఎక్కించింది? ఐదు వాక్యాలు.’ ఇది పని. దీన్ని రోజూ జరిగే మరోదానికి ముడిపెట్టండి: ‘పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టగానే, వంటింటి బల్ల దగ్గర.’ ఉత్త సంకల్పం కన్నా ఇలా ముడివేసుకున్నది బాగా నెరవేరుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపించాయి. గడియారం కావాలంటే, ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో సిరిల్లో 1980ల చివర టమాటా ఆకారపు వంటింటి టైమర్‌తో రూపొందించుకున్న, ఏకధాటిగా 25 నిమిషాలు పనిచేసే పద్ధతి ఉండనే ఉంది. నేను మాత్రం పది నిమిషాలే పెట్టుకున్నాను. ఇరవై అయిదు అనగానే మళ్లీ అల్మరా గుర్తొచ్చేది.

సమస్య: ఇంకొంచెం సమాచారం దొరికాక మొదలుపెడదాం.

కారణం: సేకరణలో తప్పులు బయటపడవు కనుక హాయిగా ఉంటుంది.

పరిష్కారం: తెలియని చోట చుక్కలు పెట్టి ముందుకు వెళ్లండి. నాయనమ్మ పెళ్లయిన సంవత్సరం దగ్గర నా నోటుపుస్తకంలో ఇప్పటికీ నాలుగు చుక్కలే.

సమస్య: మొదలైంది, నాలుగో రోజుకు ఆగింది.

ఆరంభశూరులని వెక్కిరిస్తారు కానీ, రెండేళ్లు ‘శ్రీ’తో గడిపిన నాకు ఆ బిరుదు కూడా గొప్పే. వాక్యం సగంలో ఉండగా లేవండి. రేపు ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కర్లేదు.

సమస్య: ఏదీ పనిచేయడం లేదు.

ఎవరో మెచ్చుకుంటారని నెత్తికెత్తుకున్న పనేమో చూసుకోండి. అదే అయితే నిశ్చింతగా వదిలేయవచ్చు. ఈ ఒక్క పనే కాక, వారాల తరబడి స్నానం, తిండి కూడా బరువుగా తోస్తుంటే డాక్టరును కలవండి.