వరద హెచ్చరిక పోస్టు రాయడం ఎలా?

ప్రభుత్వ కార్యాలయం పెట్టిన వరద హెచ్చరికను ఆ కార్యాలయం పేజీకి వెళ్లి చదివేవారు తక్కువ. అది వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి ఊరికి చేరుతుంది. చేరేసరికి ఖాతా పేరు, పోస్టు చేసిన సమయం ఊడిపోయి బొమ్మ ఒక్కటే మిగులుతుంది. అందువల్ల అవసరమైనదంతా ఆ బొమ్మలోనే ఉండాలి. గోదావరి వరదను ఉదాహరణగా తీసుకుని ఈ పనిని వివరిస్తాను.

అధికారిక ఖాతా, కంట్రోల్ రూమ్‌తో నేరుగా మాట్లాడే ఫోను, వానాకాలానికి ముందే తయారుచేసి పెట్టుకున్న ఖాళీ నమూనా ఉంటే చాలు. నీటిమట్టాన్ని కేంద్ర జల సంఘం లేదా జలవనరుల శాఖ నుంచి, వాన సూచనను వాతావరణ శాఖ నుంచి మాత్రమే తీసుకోవాలి. టీవీ స్క్రోలింగ్ చూసి అంకె రాయకూడదు. ఆమోదం తెలిపే అధికారి ఒక్కరే ఉండాలి. నలుగురి సంతకాలు పూర్తయ్యేసరికి నది మరో అడుగు పెరుగుతుంది.

ఇక అసలు కష్టం నీటిమట్టాన్ని మాటల్లో పెట్టడంలో ఉంది. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక జారీ అవుతాయి. ‘భద్రాచలంలో రెండో ప్రమాద హెచ్చరిక, నీటిమట్టం 50 అడుగులు’ అని రాసి ఊరుకునేవారే ఎక్కువ. నది పెరుగుతూ 50కి వచ్చిందా, 53 దాటి తగ్గుతూ వచ్చిందా అన్నది అందులో లేదు. మొదటి సందర్భంలో సామాను సర్దుకోవాలి, రెండో సందర్భంలో పునరావాస కేంద్రంలోనే మరికొంతసేపు ఆగాలి. కాబట్టి ‘పెరుగుతోంది’, ‘తగ్గుతోంది’, ‘నిలకడగా ఉంది’ అన్న వాటిలో ఒకటి అంకె పక్కనే, అంకె అంత పెద్ద అక్షరాల్లో ఉండి తీరాలి.

సమయం విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. ‘నేడు’, ‘రేపు’, ‘ఈ రాత్రి’ అన్న మాటలు హెచ్చరికలో ఎప్పటికీ వాడకూడదు, ఎందుకంటే మూడు రోజుల తర్వాత ఫార్వర్డ్ అయినా అవి ఆ రోజు మాటల్లాగే చదవబడతాయి. తేదీ, వారం, గంట రాయాలి. ‘రాత్రి 12 గంటలకు’ అంటే ఏ తేదీ రాత్రో తేలదు కనుక ‘11.55’ అని రాయడం క్షేమం. నీటిమట్టం కొలిచిన సమయాన్నీ తదుపరి సమాచారం ఇచ్చే సమయాన్నీ విడివిడిగా చూపాలి. స్థలం పేరు లేకుండా అడుగులు రాయడం మరీ ప్రమాదకరం, అదే గోదావరి మీద ధవళేశ్వరం వద్ద మొదటి హెచ్చరిక 11.75 అడుగులకే వస్తుంది.

‘లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అన్న వాక్యాన్ని నమూనా నుంచే తొలగించాలి. తమది లోతట్టు ప్రాంతమని ఎవరూ అనుకోరు, అప్రమత్తంగా ఉండడమంటే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. ఊళ్ల పేర్లు, మునిగిన రోడ్డు, వెళ్లవలసిన పాఠశాల, ఫోన్ నంబరు రాయాలి. ఉదాహరణకు: ‘(మూడు గ్రామాల పేర్లు) గ్రామాల వారు (తేదీ, వారం) సాయంత్రం 5 గంటల లోపు (ఊరి పేరు) ఉన్నత పాఠశాలకు చేరాలి. కాజ్‌వే దాటవద్దు. అత్యవసరమైతే 112.’

బొమ్మ తెల్లని నేల మీద నల్లని అక్షరాలతోనే ఉండాలి. నాయకుల ఫొటోలకు అక్కడ చోటు లేదు, ఆ స్థలం ఊళ్ల పేర్లది. వీడియో చేయించే కార్యాలయాలు కూడా ఉన్నాయి గానీ, సిగ్నల్ సరిగా లేని లంక గ్రామంలో అది తెరుచుకునే లోపు బొమ్మ పది మందికి చేరుతుంది. పాత వరద ఫొటో వాడకూడదు. 2022 జూలైలో భద్రాచలం వద్ద నది 71.3 అడుగులకు చేరింది, ఆనాటి దృశ్యాన్ని 49 అడుగుల నాడు పెడితే అనవసరమైన భయం పుడుతుంది. బొమ్మలోని మాటలన్నింటినీ కింద టెక్స్ట్‌గా కూడా ఇవ్వాలి, లేకపోతే చూపు లేనివారి ఫోను వాటిని చదివి వినిపించలేదు.

పోస్టు చేశాక కామెంట్లు చూడడానికి ఒక ఉద్యోగిని కేటాయించాలి. ‘మా వీధిలో నీళ్లు వచ్చాయి’ అన్న కామెంటు వెంటనే కంట్రోల్ రూమ్‌కు చేరాలి.

హెచ్చరికను ఉపసంహరించినప్పుడు పాత పోస్టును తొలగించి ఊరుకుంటే సరిపోదు, దాని ప్రతులు గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి. పాత బొమ్మ మీదే అడ్డంగా ‘ఉపసంహరించడమైనది’ అని తేదీ, గంటతో సహా ముద్రించి, అవే గ్రూపుల్లోకి మళ్లీ పంపాలి.