శుభలేఖలో తోకల ఇటాలిక్: చిక్కులు, మరమ్మతులు

ప్రూఫు చూసిన ఇంటి పెద్దాయన "ఇదెవరి పేరమ్మా?" అని అడిగితే లోపం ఆయన కళ్లద్దాలది కాదు. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో అచ్చు వేయించినా, ఇంట్లో కంప్యూటర్ మీద చేసుకున్నా, శుభలేఖలో ఇంగ్లీషు పేర్లకు అందరూ ఎంచుకునేది ఒకే రకం: కుడికి వాలి, కొసల్లో సన్నని సెరిఫ్‌లతో (చిన్న అడ్డగీతలతో), పెద్దక్షరాలకు పొడవాటి తోకలున్న అలంకార ఇటాలిక్. అందమైనదే, కాని పట్టింపులు ఎక్కువ.

పేరు ముందున్న పొడి అక్షరాలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకున్నాయి

మన దగ్గర ఎక్కువగా వచ్చే రోగం ఇదే. తోక ఉన్న పెద్దక్షరాన్ని మాట మొదట్లో ఒక్కటిగా నిలబడటానికి గీస్తారు. దాని వెనుక చిన్నక్షరాలు వస్తాయన్న లెక్కతో తోకను వాటి కిందికి జారవిడుస్తారు. మనం కె.వి.ఎస్.ఆర్. అని నాలుగింటిని వరసగా పేరుస్తాం. 'కె' కాలు 'వి' కిందికి పోతుంది, 'ఆర్' తోక పేరులోని మొదటి అక్షరాన్ని గుచ్చుతుంది, మధ్యలో చుక్కలు ఎక్కడున్నాయో కనిపించవు.

పొడి అక్షరాలకు స్వాష్ సదుపాయం, అంటే తోకలు తగిలించేది, ఆపేయండి. ఇలాంటి సదుపాయాలుండే ఓపెన్‌టైప్ రకం ఫాంటయితే ఎంచుకున్న అక్షరాలకు మాత్రమే దాన్ని తీసేయవచ్చు. అప్పటికీ ఇరుకుగా ఉంటే అదే కుటుంబంలోని నిటారు పెద్దక్షరాలు పెట్టండి. అతుకులా ఉంటుందని బెంగ వద్దు, ఇటాలిక్ పుట్టిందే అలా. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ ప్రెస్సు వర్జిల్ కావ్యాలను మొత్తం ఇటాలిక్‌లో అచ్చు వేసింది. దానికి అక్షరాలు చెక్కిన ఫ్రాంచెస్కో గ్రిఫో చిన్నక్షరాలనే వాల్చాడు, పెద్దక్షరాలను నిటారుగానే ఉంచాడు. తోకల సోకు తర్వాత వచ్చింది. ఆ ఒక్క తోకను వధువు పేరు మొదటి అక్షరానికి, వరుడి పేరు మొదటి అక్షరానికి దాచుకోండి.

పేరంతా పెద్దక్షరాల్లోనే కావాలని పెద్దలు పట్టుబడితే ఉన్న పేరునే సైజు పెంచి చూపించండి. చాలామంది దాంతోనే ఊరుకుంటారు.

బంగారు ఫాయిల్ కొట్టాక అక్షరాలు తెగిపోయాయి

తెర మీద బాగున్నది కార్డు మీద చెడింది కదా అని ప్రెస్సు వాళ్లతో గొడవకు దిగకండి. ఈ ఫాంట్లలో లావు గీతకూ సన్న గీతకూ తేడా చాలా ఎక్కువ. కార్మొరంట్ లాంటివి పెద్ద సైజు కోసమే గీసినవి. వాటిని చిన్న సైజులో పెడితే సన్న గీత వెంట్రుక వాసి మిగులుతుంది. వేడి బ్లాకు కింద ఆ గీతకు ఫాయిల్ సరిగా అంటదు, గరుకు కాగితమయితే ఇక చెప్పక్కర్లేదు. మెరూన్ రంగు మీద తెల్ల అక్షరాలు వదిలినప్పుడు ఇదే తిరగబడుతుంది: చుట్టూ ఉన్న సిరా పాకి సన్న గీతను మింగేస్తుంది. తేడా తక్కువ ఉన్న ఫాంటుకు మారడం మేలు. ఫాంటు మార్చే వీలు లేకపోతే అక్షరానికి అదే రంగులో సన్నని ఔట్‌లైన్ ఇచ్చి, అదే కాగితం మీద ఒక్క కార్డు కొట్టించి చూడండి.

ఇటాలిక్ పెట్టినా అందం రాలేదు

ఇంగ్లీషు చిన్న 'ఎ' (a) చూడండి. చాలా సెరిఫ్ ఫాంట్లలో నిటారు రూపానికి పైన కొక్కెం ఉంటుంది, అసలు ఇటాలిక్‌లో అది పోయి చేతిరాతలోలా ఒకే గుండ్రం మిగులుతుంది. కొక్కెం అలాగే వాలి ఉంటే మీ దగ్గర ఇటాలిక్ ఫైలు లేదు, సాఫ్ట్‌వేర్ నిటారు అక్షరాన్నే పక్కకు నెట్టింది. ఇటాలిక్ ఫైలు వేరుగా ఇన్‌స్టాల్ చేయాలి.

తెలుగు పేరు కూడా వాలిపోయింది

మొత్తం సెలెక్ట్ చేసి ఇటాలిక్ బటన్ నొక్కితే ఇలా అవుతుంది. తెలుగు అచ్చుకు ఇటాలిక్ సంప్రదాయం లేదు కాబట్టి ఇక్కడ జరిగేది ఒట్టి నెట్టుడే. తలకట్టు కుడికి పోతుంది, కింది వత్తు ఎడమకు పోతుంది, 'లక్ష్మి'లో మకారవత్తు తన అక్షరాన్ని వదిలేసినట్టుంటుంది. వాలు తీసేయండి. తెలుగు పేరు ప్రత్యేకంగా కనిపించాలంటే రంగో సైజో మార్చండి, లేదా రామభద్ర లాంటి బొద్దు ఫాంటు వాడండి.

డీటీపీలో వాడే 'అను' ఫాంట్లలో టైపు చేసిన తెలుగుకు ఇంగ్లీషు ఫాంటు తగిలితే వాలడం కాదు, అర్థంలేని రోమన్ గుర్తులైపోతుంది. అవి యూనికోడ్ కావు, తెలుగు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల గూళ్లలో కూర్చుని ఉంటాయి. తిరిగి అను ఫాంటే పెడితే తెలుగు వస్తుంది.

తోక కొస తెగింది, లేదా ప్రెస్సులో ఫాంటే మారింది

తెగిందంటే తోక టెక్స్ట్ పెట్టె హద్దు దాటింది. పెట్టెను పెద్దది చేయండి. ఫాంటు మారిందంటే అది ప్రెస్సు కంప్యూటర్‌లో లేదు. అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలుగా) మార్చి పంపండి, దిద్దడానికి వీలుగా అసలు ఫైలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

అతిథులు దారి అడుగుతూ ఫోన్లు చేస్తున్నారు

పత్రిక మొత్తం తోకల ఇటాలిక్‌లో ఉంటుంది. పైగా కొన్ని ఫాంట్లలో అంకెలు, జార్జియాలో లాగా, ఒకటి పైకీ ఒకటి కిందికీ గీసి ఉంటాయి. హైదరాబాద్‌లో అత్తాపూర్ వైపు ఫంక్షన్ హాలుకు ఫ్లైఓవర్ పిల్లర్ నంబరే చిరునామా. అందులో 1 చూసి 7 అనుకుంటే బండి ముందుకు వెళ్లిపోతుంది. ముహూర్తం, చిరునామా, ఫోను నంబర్లు నిటారు ఫాంటులో, ఒకే ఎత్తున్న లైనింగ్ అంకెలతో పెట్టండి. పిల్లర్ నంబరును ఇంకో రెండు పాయింట్లు పెంచండి.