హెచ్‌ఆర్ ఉద్యోగం మానేసి కన్సల్టెన్సీ పెట్టే ముందు

జడ్చర్ల, కొత్తూరు, చౌటుప్పల్ ఫ్యాక్టరీల్లో ఏళ్లుగా హెచ్‌ఆర్ చూస్తున్నవాళ్లు ఈ మధ్య ఫోన్ చేసి, కన్సల్టెన్సీ (కంపెనీలకు పీఎఫ్, ఈఎస్ఐ, లేబర్ చట్టాల పనులు చూసిపెట్టే సంస్థ) పెడదామనుకుంటున్నాం అంటున్నారు. పెట్టండి, పని దొరుకుతుంది. కానీ ఉద్యోగంలో ఉన్నంతకాలం డబ్బూ సంతకమూ కంపెనీవి. బయటికొచ్చాక అవి మెల్లగా మీ మెడకు చుట్టుకుంటాయి. నా భయమంతా అదే.

నా మొదటి క్లయింటు మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు. పనివాళ్ల పీఎఫ్ (భవిష్యనిధి), ఈఎస్ఐ (వైద్య బీమా) డబ్బు తర్వాతి నెల 15లోపు కట్టాలి. 15వ తేదీ సాయంత్రం ఏడున్నరకు చలానా ముందు పెట్టుకుని ఓనరుకు ఫోన్ చేశాను. "సార్, ఊర్ల లేను. మీరే కట్టుండ్రి, రేపు పంపిస్త" అన్నాడు. పనివాళ్ల ఖాతాల్లో జమ ఆగుతుందని నేనే కట్టేశాను. ఆ డబ్బు చేతికి రావడానికి రెండు నెలలు పట్టింది. ఇంట్లో స్కూలు ఫీజు కట్టాల్సిన నెల అది.

అందుకే చలానా ఎప్పుడూ క్లయింటు ఖాతా నుంచే కట్టించండి. 10వ తేదీకల్లా లెక్క మెయిల్‌లో పంపండి. కట్టడం ఆలస్యమైతే పీఎఫ్‌పై ఏడాదికి 12 శాతం వడ్డీ, పైన జరిమానా పడతాయి. తప్పు ఎవరిదన్న మాట వచ్చినప్పుడు మీకు ఆ మెయిలే సాక్ష్యం. ఓనరు డిజిటల్ సిగ్నేచర్ (ఆన్‌లైన్‌లో ఆయన సంతకం పెట్టే టోకెన్) మీ సొరుగులో ఉంచుకోకండి.

ఇంకోటి అడుగుతారు: "పది మంది హెల్పర్లను మీ పేరు మీద పెట్టండి." ఒప్పుకున్నారా, ఆ రోజు నుంచి మీరు కాంట్రాక్టరు. జీతాలు, పీఎఫ్, మెషిన్‌లో చెయ్యి పడితే పరిహారం, అన్నీ మీ మెడకే. అగ్రిమెంటులో మీరు చేసే పనులతో పాటు చేయనివి కూడా రాయించండి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉచితం, మొదటి బిల్లుకు ముందే చేయించండి. చిన్న సంస్థలకు 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలన్న చట్టం అప్పుడు మీకూ అండగా ఉంటుంది.

2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు (కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి. మానేసినవాళ్లకు రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. పాత కంపెనీ అలవాటుతో సలహా చెప్పకండి. అక్కడి ఉద్యోగుల వివరాలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం అసలే వద్దు.

చివరి రోజుతో కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఆగుతుంది. ఇంట్లో షుగరో, బీపీయో ఉంటే కొత్త పాలసీలో వెయిటింగ్ పీరియడ్ పెడతారు, అంటే కొంతకాలం ఆ జబ్బులకు క్లెయిమ్ రాదు. రిజైన్ లెటర్ ఇవ్వకముందే ఆ పాలసీ తీసుకోండి.