ప్రోకెనెక్స్‌నే వాడతామనేవాళ్లకు

ప్రోకెనెక్స్ లాంటి, అంతగా దొరకని టెన్నిస్ రాకెట్ బ్రాండునే అంటిపెట్టుకునేవాళ్లు రెండో రాకెట్ కంటే ముందు కొని దాచుకోవాల్సినవి గ్రోమెట్ సెట్లు, అంటే గట్ (రాకెట్ తీగ) దూరే ఫ్రేమ్ రంధ్రాల్లో ఉండే ప్లాస్టిక్ తొడుగులు. అవి మోడల్‌ను బట్టి మారతాయి. మోడల్ ఆపేశాక వెతికితే దొరకడం కష్టం. ఒక్క గ్రోమెట్ పగిలినా రంధ్రం అంచు గట్‌ను కోసేస్తుంది. రెండు సెట్లుంటే ధీమా.

రెండో రాకెట్ కొంటే గట్, గ్రిప్ ఒకేలా ఉంచి రెండింటినీ వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచండి. ఒకే మోడల్‌లోనూ ఐదారు గ్రాముల తేడా మామూలే. గట్ లేని ఉత్త ఫ్రేమ్‌ను తూస్తే 15-18 గ్రాములు తక్కువ చూపిస్తుంది, కంగారు పడొద్దు. తర్వాత స్కేలు అంచు మీద నిలిపి, హ్యాండిల్ చివరి నుంచి బ్యాలెన్స్ (రాకెట్ ఒరగకుండా నిలిచే చోటు) ఎంత దూరమో కొలవండి. తేలికదానికి సీసం టేపు అరగ్రాము చొప్పున అతికించండి. తలపైన అంటిస్తే బ్యాలెన్స్ ఇట్టే జరిగిపోతుంది.

ప్రోకెనెక్స్ వాళ్ల కైనెటిక్ రకం ఫ్రేమ్ (లోపల కదిలే సన్న గింజలుంటాయి) ఊపితే సన్నగా గలగలమంటుంది. ఆ గింజల చప్పుడది, ఫ్రేమ్ విరిగినట్టు కాదు.